గిటార్ రేకు మీద గీకినట్టు వస్తోంది, పైగా హమ్: 40 వేలతో ఏం కొనాలి?

ఆరుతీగలు (కేఆర్ పురం)
అందరికీ వందనాలు. బెంగళూరు కేఆర్ పురం దగ్గర మాదొక చిన్న తెలుగు సంఘం. ఒక కాంప్లెక్స్‌లో రెండో అంతస్తు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటున్నాం. పొద్దున 9 గంటలకు కన్నడ సంఘం వాళ్లు, పదకొండున్నరకు మేము, సాయంత్రం మలయాళం వాళ్లు. వాళ్లు సర్దుకుని వెళ్లాక మా చేతికి దొరికేది ఇరవై నిమిషాలు. ఆలోపే స్పీకర్లు, మైకులు, కీబోర్డు అన్నీ పరుచుకోవాలి. హాలు 50 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. సీలింగ్ తక్కువ, కింద టైల్స్. ఆదివారం 120 మంది దాకా వస్తారు.

నేను వాయించేది యమహా పసిఫికా 112 ఎలక్ట్రిక్ గిటార్. దాన్ని బాస్ జీటీ-1 అనే ఎఫెక్ట్స్ పెడల్‌లో పెట్టి, అక్కణ్నుంచి నేరుగా 12 ఛానెళ్ల అనలాగ్ మిక్సర్‌కి ఇస్తాను. 12 అంగుళాల స్పీకర్లు రెండు, కింద పెట్టే మానిటర్ ఒకటి. కీబోర్డు, ఎస్‌పీడీ-20 ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్, ఢోలక్, పాడేవాళ్లు నలుగురు.

మూడు బాధలున్నాయి. శబ్దాన్ని గరగరలాడించే ఓవర్‌డ్రైవ్ నొక్కితే చాలు, రేకు మీద మేకుతో గీకినట్టు వస్తుంది. ఇంట్లో నా చిన్న ఆంప్‌లో ఇదే ప్యాచ్ (పెడల్‌లో సేవ్ చేసిన సెట్టింగ్) ఎంతో బాగుంటుంది. రెండోది, ఎవరూ ఏమీ వాయించకపోయినా స్పీకర్లలోంచి బుయ్యిమని హమ్. పాస్టర్ గారు నిశ్శబ్దంగా ప్రార్థన చేయించేటప్పుడు హాలంతా అదే వినబడుతుంది. మూడోది, పాడేవాళ్లు తమ గొంతు తమకు వినబడట్లేదంటారు, మానిటర్ పెంచితే కూ అని కూస్తుంది.

సంఘ పెద్దలు సౌండ్ కోసం 40 వేలు పక్కన పెట్టారు. అది కానుకల డబ్బు. ఇళ్లల్లో పనిచేసుకునే అమ్మలు వేసిన పది, ఇరవై నోట్లు కూడా అందులో ఉన్నాయి. తప్పు వస్తువు కొన్నానంటే నాకు నిద్ర పట్టదు. నా జీతంలోంచి కొంత కలిపి లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ లాంటి పెడల్ తీసుకుంటే గిటార్ బాగుపడుతుందా?

శబ్దశాల (బాణసవాడి)
వందనాలు తమ్ముడూ. కొనడం తరవాత, ముందు కొన్ని సంగతులు చెప్పు. జీటీ-1 మెనూలో అవుట్‌పుట్ సెలెక్ట్ అని ఉంటుంది, అక్కడ ఏముంది? దాన్నుంచి మిక్సర్‌కి ఏ కేబుల్, ఎంత పొడవు? గిటార్ వాల్యూమ్ సున్నాకి తిప్పితే హమ్ పోతుందా, అలాగే ఉంటుందా? మిక్సర్‌కి ఇంకా ఏమేం తగిలించి ఉన్నాయి? చివరి ప్రశ్నకి ఒక్కటి కూడా వదలకుండా చెప్పు.

మారతహళ్లి బేస్
హెచ్‌ఎక్స్ స్టాంప్ మంచి వస్తువే. కానీ ఇప్పుడున్న సెటప్‌లో పెడితే హమ్ ఎక్కడికీ పోదు. మా సంఘంలో అచ్చం అలాగే జరిగింది. పెడల్ మారింది, హమ్ మారలేదు. అన్న అడిగినవి చూడండి ముందు.

ఆరుతీగలు (కేఆర్ పురం)
అన్నా, ఇప్పుడే చూశాను. అవుట్‌పుట్ సెలెక్ట్‌లో ఏదో ఆంప్ పేరు ఉంది. ఇంట్లో ఆంప్‌కి పెట్టినప్పుడు మార్చి ఉంటాను. కేబుల్ మామూలు గిటార్ కేబులే, 30 అడుగులు. గోడవారగా పోయి, స్పీకర్ల కరెంటు వైరు పక్కనుంచి మిక్సర్ దాకా వస్తుంది. వాల్యూమ్ సున్నా చేసినా హమ్ తగ్గట్లేదని గుర్తు, ఈ ఆదివారం మళ్లీ చూస్తాను. మిక్సర్‌కి నాలుగు పాడే మైకులు, పుల్‌పిట్ మైకు, ఢోలక్ మైకు, కీబోర్డు, ప్యాడ్, గిటార్, ఇంకా పాటల సాహిత్యం తెర మీద వేసే ల్యాప్‌టాప్.

శబ్దశాల (బాణసవాడి)
మొదటి బాధకు మందు నీ జీటీ-1లోనే ఉంది. రూపాయి ఖర్చు లేదు.

గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక దాదాపు మూగబోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే జర్రుమనే పైశబ్దాన్నంతా అదే మింగేస్తుంది, మనకు గుండ్రటి శబ్దం మిగులుతుంది. హాల్లోని పీఏ స్పీకర్‌కి (జనం వినే పెద్ద స్పీకర్) పైశబ్దాలు పలికే హార్న్ ఉంటుంది. పాడేవాళ్ల 'స', 'ష'లు కూడా తెలియాలని అది 15 వేల పైదాకా పలుకుతుంది. ఆంప్ స్పీకర్ మింగాల్సిన ఆ జర్రు మొత్తం మీ జనం చెవుల్లో పడుతోంది. నువ్వు ఆంప్ పేరు పెట్టి ఉంచావు కాబట్టి, ముందు నిజంగా ఆంప్ ఉందనుకుని జీటీ-1 దానికి తగ్గట్టు శబ్దాన్ని పంపిస్తోంది. దాన్ని 'లైన్/ఫోన్స్' అని మార్చు. ఆ తరవాత కూడా పదునుగా అనిపిస్తే 5, 6 వేల దగ్గర హై కట్ పెట్టి దానిపైది కోసెయ్, 100 దగ్గర లో కట్ పెట్టి దాని కిందది కోసెయ్. ప్యాచ్‌లు మాత్రం హాల్లోనే, ఆరాధనప్పుడుండే వాల్యూమ్‌లోనే సరిచూసుకో. వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్, ట్రెబుల్ మన చెవికి ఎక్కువగా తెలుస్తాయి. ఇంట్లో మెత్తగా ఉన్నది హాల్లో గుచ్చుకునేది అందుకే.

ఇక కేబుల్. గిటార్ కేబుల్‌లో సిగ్నల్ మోసేది ఒక్క తీగే, దాని చుట్టూ జాలీ. 30 అడుగుల పొడవున కరెంటు వైరు పక్కన పరిస్తే దారిలో ఉన్న రొదనంతా పోగేసుకొస్తుంది. నీ కాళ్ల దగ్గర ఒక డీఐ బాక్స్ పెట్టి, అక్కణ్నుంచి మైకు కేబుల్ మీద పంపు. డీఐలోంచి ఒకే సిగ్నల్ రెండు తీగల్లో, ఒకదానికొకటి తలకిందులుగా పోతుంది. దారిలో పడే రొద మాత్రం రెండింటి మీదా ఒకేలా పడుతుంది. మిక్సర్ ఆ రెండింటి తేడా తీసుకుంటుంది కాబట్టి పాట మిగులుతుంది, రొద కొట్టుకుపోతుంది. జీటీ-1కి కరెంటు అక్కర్లేని పాసివ్ డీఐ సరిపోతుంది. ఎప్పుడైనా ప్రీఆంప్ లేని పీజో పికప్‌తో అకౌస్టిక్ తెచ్చుకుంటే మాత్రం కనీసం 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ కావాలి. లేకపోతే పీల గొంతుతో పలుకుతుంది.

నల్లతెల్ల మెట్లు (హోరమావు)
తమ్ముడూ, ఆ ల్యాప్‌టాప్‌ను అనుమానించు. ఆరు నెలలు మేం కీబోర్డు చెడిపోయిందనుకున్నాం. రిపేరుకి ఇచ్చాం, తెచ్చాం, అదే హమ్. ఒక శనివారం రిహార్సల్‌కి సాహిత్యం వేసే అమ్మాయి రాలేదు, ల్యాప్‌టాప్ లేదు. ఆ సాయంత్రం స్పీకర్లు ఉన్నాయా లేవా అన్నంత నిశ్శబ్దం. అప్పుడు తెలిసింది.

ల్యాప్‌టాప్ ఛార్జర్ ఒక సాకెట్‌లో, ప్రొజెక్టర్ ఇంకో గోడ సాకెట్‌లో, మిక్సర్ మరో చోట. అన్నిటినీ హెచ్‌డీఎంఐ, ఆడియో కేబుళ్లు కలిపేస్తాయి. ఎర్త్ ఒక చుట్టు తిరిగి వచ్చి ఆ చుట్టులోనే హమ్ పుడుతుంది. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడు. నీ జీటీ-1 కూడా నాలుగు డబుల్ ఏ బ్యాటరీలతో నడుస్తుంది కదా, ఒక్కొక్కటిగా అలా తీసి చూస్తే దొంగ దొరుకుతాడు.

ఆరుతీగలు (కేఆర్ పురం)
ఆదివారం రిపోర్ట్. ముందుగా, లైన్/ఫోన్స్ అని మార్చగానే గీకుడు పోయింది! రెండేళ్లుగా ఆ శబ్దంతో వాయించాను. ప్యాడ్ వాయించే తమ్ముడు 'గిటార్ మార్చారా అన్నా' అని అడిగాడు.

హమ్ కోసం అక్క చెప్పినట్టు చేశాను. గిటార్ వాల్యూమ్ సున్నా చేసినా ఉంది. జీటీ-1 బ్యాటరీల మీద పెడితే కాస్త తగ్గింది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకితే చాలా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు.

ఇంకో సంగతి, ఇప్పటిదాకా పెద్దగా పట్టించుకోలేదు. గిటార్ పట్టుకుని పాడేటప్పుడు మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటుంది. మందిరంలో అందరం చెప్పులు విడిచే ఉంటాం. మా ముందు ఆరాధన అయ్యాక నేల తడిగుడ్డతో తుడుస్తారు, ఆ రోజుల్లో మరీ ఎక్కువ.

మూడో పిన్ను (ఎలక్ట్రానిక్ సిటీ)
తమ్ముడూ, ఆగు. ఆ పెదవి సంగతి తేలేదాకా ఆ మైకు ముందు ఎవరూ నిలబడకండి.

నేను ఎలక్ట్రికల్ పనిలోనే ఉన్నాను. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆ హాల్లో ఎర్త్ లేదు. సాకెట్‌లో మూడో కన్నం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు, లేదా ఉన్నా ఎక్కడో తెగి ఉంటుంది. ఛార్జర్లు, కీబోర్డు అడాప్టర్లు, పవర్డ్ స్పీకర్లలో రొదను ఆపడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే బాడీ మొత్తం 230లో సగం వోల్టేజ్ దగ్గర తేలుతూ ఉంటుంది. మైకు జాలీ, గిటార్ తీగలు అన్నీ కేబుళ్ల ద్వారా మిక్సర్ బాడీకి కలిసే ఉంటాయి. నువ్వు వట్టి కాళ్లతో తడి నేల మీద నిలబడి పెదవి ఆనించావు. ఆ కరెంటు నీలోంచి పోతోంది. ఇప్పుడది చాలా తక్కువ కాబట్టి చురుక్కుమని ఊరుకుంటోంది. రేపు ఏ పాత స్పీకర్లోనో ఇన్సులేషన్ పోయి ఫేజ్ బాడీకి తగిలితే, ఫ్యూజు కొట్టేయడానికి ఎర్త్ దారి లేదు. మొత్తం 230 వోల్టులు మైకు జాలీ మీద ఉంటాయి. ఎవరో ఒక చెల్లి చేత్తో మైకు పట్టుకుని కళ్లు మూసుకుని పాడుతూ ఉంటుంది.

మల్టీమీటర్ ఏసీ 750 రేంజ్‌లో పెట్టి, సాకెట్‌లో ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చూడాలి. బాగున్న చోట మొదటి రెండూ 230 దగ్గర, మూడోది 2, 3 వోల్టుల లోపు ఉంటాయి. నీకు అలవాటు లేకపోతే ముట్టుకోకు, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించు. ఇంకో మాట, హమ్ పోవాలని ఎవరైనా ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమంటే వినకు. మన ఊళ్లలో పెళ్లిళ్లకు, సభలకు సౌండ్ పెట్టేవాళ్లు చాలామంది ఆ పని చేస్తారు. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉండేది అందుకే. అది సిగ్నల్ వైపు మాత్రమే తెంపుతుంది, కరెంటు వైపు ముట్టుకోదు.

మారతహళ్లి బేస్
అన్న చెప్పినదానికి వంద మార్కులు. ఈ పోస్టు మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను.

పెరంబూర్ స్ట్రింగ్స్ (చెన్నై)
చెన్నై నుంచి వందనాలు. ఎర్త్ సంగతిలో నాకూ వేరే మాట లేదు. కానీ గిటార్‌ని ఎప్పుడూ మిక్సర్‌కే ఇవ్వాలన్నట్టు సాగుతోంది చర్చ, అది నాకు మనసొప్పట్లేదు. పదిహేనేళ్లుగా మా మందిరంలో చిన్న ట్యూబ్ ఆంప్ పెట్టి, ముందు షూర్ ఎస్‌ఎం57 మైకు పెట్టి వాయిస్తున్నాను. వేలు కాస్త మెత్తగా తగిలిస్తే మెత్తగా, గట్టిగా తగిలిస్తే గరగరగా. పాట నడిపించేవాళ్లు ఒక్కసారి గొంతు తగ్గిస్తే నేనూ వెంటనే తగ్గగలను. పెట్టెలో ఎంత మంచి మోడల్ ఉన్నా వీపు మీద తగిలే ఆ గాలి రాదు. ఆరాధనలో వాయించేవాడికి ఆ స్పర్శ ముఖ్యం.

శబ్దశాల (బాణసవాడి)
తమ్ముడూ, ఆ స్పర్శ నాకు తెలుసు, నేనూ అలా వాయించినవాణ్నే. మీది ఎత్తయిన పైకప్పున్న పాత మందిరం అయి ఉంటుంది, అక్కడ ఆంప్ బాగుంటుంది. ఇక్కడ లెక్క వేరు. 30 అడుగుల వెడల్పు హాల్లో ఆంప్ తన రుచికి వచ్చేంత పెంచితే మొదటి మూడు వరుసలకు గిటార్ తప్ప ఇంకేం వినబడదు, అది మిక్సర్‌లో తగ్గించేదీ కాదు. పాడేవాళ్ల మైకుల్లోకీ అదే దూరుతుంది. పైగా ఇరవై నిమిషాల్లో పరుచుకోవాలి. ఆ హాలుకి నేరుగా ఇవ్వడమే సరి, ఈ మాట మీద నేను నిలబడతాను.

పెరంబూర్ స్ట్రింగ్స్ (చెన్నై)
ఇరవై నిమిషాల మాట నేను లెక్కలోకి తీసుకోలేదన్నా. మీరన్నది నిజం, మాది ఎత్తు కప్పే. అయితే తమ్ముడికి ఒక సలహా: బటన్లు నొక్కడం తగ్గించి గిటార్ మీది వాల్యూమ్ నాబ్ వాడు. ఓవర్‌డ్రైవ్ ఎప్పుడూ కాస్త ఆన్‌లో ఉంచి, నాబ్ 6 మీద పల్లవి, 10 మీద చివరి చరణం. పెట్టెలోనైనా ఆ స్పర్శ కొంత తిరిగొస్తుంది.

కోయిల (హెబ్బాళ)
పాడేవాళ్ల తరఫున నేనొకదాన్ని మాట్లాడనివ్వండి. మా గొంతు మాకు వినబడకపోతే మేం అరుస్తాం. అరిస్తే శ్రుతి పైకి పోతుంది, రెండో పాటకే గొంతు పట్టేస్తుంది. అది చూసి కీబోర్డు అన్నయ్య వాల్యూమ్ పెంచుతాడు, ఆయన్ని చూసి గిటార్ పెరుగుతుంది. మానిటర్ కొనకముందు మీరందరూ ఒక ఆదివారం ఒక మెట్టు తగ్గి వాయించి చూడండి. పాట మొదలయ్యే దగ్గర కీబోర్డు, గిటార్ రెండూ ఒకే చోట నిండుగా వాయిస్తుంటే మా మాటలు ఎక్కడ దూరాలి?

మా తప్పూ ఉంది. మైకు తలను గుప్పిట్లో పట్టుకుంటే కూత వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు, చాలా ఏళ్లు అలాగే పట్టుకున్నాను.

శబ్దశాల (బాణసవాడి)
చెల్లి చెప్పింది అక్షరాలా నిజం. మైకు వెనక వైపు శబ్దం తీసుకోకుండా చేసేవి దాని తల కింద ఉన్న కన్నాలే. గుప్పిట్లో మూస్తే అన్ని వైపుల శబ్దమూ లోపలికి పోతుంది.

మానిటర్ పెట్టే చోటు కూడా మైకును బట్టి ఉంటుంది. ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు సరిగ్గా వెనక వైపు చెవిటిది, కాబట్టి మానిటర్ పాడేవాళ్లకు ఎదురుగా, మైకు తోక వైపు ఉండాలి. బీటా 58ఏ లాంటి సూపర్ కార్డియాయిడ్ వెనక కాస్త వింటుంది, పక్కకు 125 డిగ్రీల దగ్గర చెవిటిది. దానికి మానిటర్ కొంచెం పక్కకు జరగాలి. ఎన్ని మైకులు తెరిచి ఉంటే కూత అంత దగ్గర. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ జాగా పోతుంది. ఆరాధనప్పుడు పుల్‌పిట్ మైకు, వాక్యం చెప్పేటప్పుడు పాడే మైకులు మూసేయండి. వాక్యం మొదలవగానే ఎకో కూడా తీసేయండి. వెనక వరుసలో కూర్చున్న పెద్దవాళ్లకు మాట తెలియకపోవడానికి ఎకోనే మొదటి కారణం.

ఇప్పుడు డబ్బు సంగతి. నీ మిక్సర్‌లో ఆక్స్ సెండ్ (వాయించేవాళ్లకు వేరే మిక్స్ పంపే అవుట్‌పుట్) ప్రీ-ఫేడర్ అయితే, అంటే హాలు వాల్యూమ్ మార్చినా అది మారకపోతే, దాన్ని బెరింగర్ హెచ్‌ఏ400 లాంటి నాలుగు అవుట్‌పుట్‌ల హెడ్‌ఫోన్ ఆంప్‌లో పెట్టు. నువ్వు, కీబోర్డు, ప్యాడ్ ముగ్గురూ తీగ ఉన్న ఇయర్‌ఫోన్లలో వినండి. కింద మానిటర్ పాడేవాళ్ల సొత్తు. అందులో వాళ్ల గొంతులు, కొంచెం కీబోర్డు తప్ప ఇంకేమీ వద్దు. రెండో ఆక్స్ ఉంటే మానిటర్‌కి అది.

మారతహళ్లి బేస్
చెవుల మాట వచ్చింది కాబట్టి: అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. మన ఆరాధనే గంటసేపు ఉంటుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక వాల్యూమ్ పెంచుకుంటూ పోకండి.

చుట్టుపక్కల ఇళ్లున్న హాళ్ల వాళ్లకు ఇంకో సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. గోడ దాటి పక్కింటికి పోయేది ఎక్కువగా బేసే. నేను వాయించేదే అది, అందుకే చెబుతున్నాను. పాడే మైకులన్నిటికీ 100 దగ్గర లో కట్ నొక్కండి.

కేబుల్ తమ్ముడు (రామమూర్తి నగర్)
డిజిటల్ మిక్సర్‌కి మారితే ఇవన్నీ తీరిపోవా? బెరింగర్ ఎక్స్‌ఆర్18లో 16 మైకు ప్రీఆంప్‌లు, 6 ఆక్స్‌లు ఉన్నాయి, ఎవరి మిక్స్ వాళ్లకు.

శబ్దశాల (బాణసవాడి)
మంచి ఆలోచనే, ఆ బడ్జెట్ వచ్చినప్పుడు. ఎర్త్ లేని హాల్లో దాన్ని పెట్టినా ఇదే హమ్. ట్యాబ్‌తో నడిపేవి తీసుకుంటే బయట సొంత రూటర్ పెట్టుకుని 5 గిగాహెర్ట్జ్‌లో నడపండి. 120 మంది ఫోన్లతో వచ్చి కూర్చున్నాక 2.4 గిగాహెర్ట్జ్‌లో చోటుండదు. అక్కడ ఒకదాన్నొకటి తాకని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఆ బ్యాండ్‌లో పనిచేసే వైర్‌లెస్ గిటార్ బిళ్లలు రిహార్సల్‌లో బాగుండి ఆదివారం తెగిపోయేది ఇందుకే.

ఆరుతీగలు (కేఆర్ పురం)
హాలు ఓనర్‌తో మాట్లాడి ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లాను. మూడో పిన్ను అన్నా, మీరన్నట్టే ఉంది. ఫేజ్-న్యూట్రల్ 228. ఫేజ్-ఎర్త్ 121, న్యూట్రల్-ఎర్త్ 106. ఆ అంతస్తు డిస్ట్రిబ్యూషన్ బోర్డు తెరిస్తే, హాలుకి పోయే ఆకుపచ్చ వైరు కొస చుట్టచుట్టి, టేపు వేసి ఓ మూలకి దోపేసి ఉంది. స్క్రూకి తగిలించనే లేదు. దుమ్ము పట్టి టేపు రంగు కూడా తెలియట్లేదు. ఎన్నేళ్లుగా అలా ఉందో!

కన్నడ సంఘంలో సౌండ్ చూసే అన్న కూడా వచ్చారు, వాళ్ల పాస్టరమ్మ గారికి కూడా మైకు దగ్గర చురుక్కుమంటోందట. వైరు బిగించి, కరెంటు లీకైతే సప్లై కట్ చేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ వేయించాం. ఖర్చు మూడు సంఘాలూ పంచుకున్నాయి. తరవాత న్యూట్రల్-ఎర్త్ 1.4 చూపించింది.

మూడో పిన్ను (ఎలక్ట్రానిక్ సిటీ)
దేవునికి స్తోత్రం. ఇప్పుడు నాకు నిద్ర పడుతుంది. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడు. మిక్సర్, స్టేజి మీదివి, ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ వీలైనంత వరకు ఒకే సాకెట్ నుంచి, మంచి మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌తో తీసుకోండి.

నల్లతెల్ల మెట్లు (హోరమావు)
కోయిల చెల్లి అన్న మాట మీద ఆలోచిస్తున్నాను. నేను రెండు చేతులతో నిండుగా వాయిస్తే బేస్ గిటార్‌కి, గిటార్‌కి చోటు మిగలదు. ఈ మధ్య బేస్ ఉన్న రోజు నా ఎడమ చేతిని ఒక్క స్వరానికి తగ్గించాను, హాలు ఒక్కసారిగా తేటపడింది. పాత కీర్తనల్లో ఇది ఇంకా అవసరం. అవి రాగాల మీద నడిచేవి. గమకం పలికే చోట మనం మేజర్ కార్డు నొక్కిపెడితే పాడేవాళ్ల గాంధారం, మన గాంధారం కొట్లాడుకుంటాయి. అక్కడ గిటార్ సా-పా మాత్రమే పట్టి, పొడవైన రివర్బ్‌తో తంబురలా నిలబడితే చాలు.

ఆరుతీగలు (కేఆర్ పురం)
అక్కా, ఇది రాసి పెట్టుకుంటున్నాను. డిలే (వాయించింది కాసేపాగి మళ్లీ పలికించే ఎఫెక్ట్) గురించి కూడా ఎవరైనా చెబుతారా? యూట్యూబ్‌లో ఇంగ్లిష్ ఆరాధన పాటలకు ముప్పావు దెబ్బకు జవాబిచ్చే డాటెడ్ ఎయిత్ డిలే అంటారు. మన పాటలకు అదే పెడితే తాళం తొట్రుపడుతున్నట్టుంది.

పెరంబూర్ స్ట్రింగ్స్ (చెన్నై)
ఎందుకంటే అది నాలుగు దెబ్బల లెక్క. 60,000ను టెంపోతో భాగించి 0.75తో గుణిస్తే వచ్చే మిల్లీసెకన్లు. 72 బీపీఎం పాటకు 625. మన పాటల్లో చాలా వరకు 6/8. ఢోలక్ మూడేసిగా నడుస్తుంటే డిలే నాలుగు లెక్కలో జవాబిస్తే తొట్రుపాటే. 6/8లో పెద్ద దెబ్బ నిమిషానికి 60 అయితే, చిన్న దెబ్బ 333 మిల్లీసెకన్లు. డిలే 333 పెట్టు, లేదా పూర్తి దెబ్బ 1000 పెట్టు, రిపీట్లు రెండు చాలు. ఢోలక్ తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ట్యాప్ టెంపో నొక్కు. ఢోలక్ మీద మూడో దెబ్బ, డిలే జవాబు ఒకేచోట పడిన క్షణం నీకే తెలుస్తుంది.

మా చెన్నై బాధ కూడా ఒకటి చెబుతాను: ఇక్కడి ఉప్పగాలికి, చెమటకి తీగలు మూడు వారాల్లో నల్లబడతాయి. కోటెడ్ తీగలు వేసి, వాయించాక కింద నుంచి కూడా పొడి గుడ్డతో తుడుస్తాను. మీ బెంగళూరు వాళ్లకు ఆ గొడవ లేదు.

కేబుల్ తమ్ముడు (రామమూర్తి నగర్)
మైకు కేబుళ్లు రెడీమేడ్ కొనకండి అన్నా. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్డులో మీటర్ల లెక్కన వైరు, న్యూట్రిక్ కనెక్టర్లు తీసుకుని నేను టంకం వేస్తాను. ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కనెక్టర్)లో 1వ పిన్ను జాలీ, 2 ప్లస్, 3 మైనస్. జాలీ పాయలు నీట్‌గా మెలేసి, ముందు వాటికి సీసం పట్టించి, ఆ తరవాతే పిన్నుకి తాకించాలి. సీసం మెరుస్తూ పిన్ను చుట్టూ పరుచుకోవాలి. బూడిద రంగులో ముద్దగా నిలబడితే అది పట్టలేదని లెక్క, ఆదివారం మొదటి పాటలోనే పటపటలాడుతుంది. వైరు తెచ్చి ఇవ్వండి చాలు, నా పనికి డబ్బులేమీ వద్దు.

ఆరుతీగలు (కేఆర్ పురం)
నిన్నటి ఆదివారం గురించి రాస్తున్నాను. కొన్నవి ఇవీ: పాసివ్ డీఐలు రెండు, ఒకటి గిటార్‌కి, ఒకటి కీబోర్డుకి. ల్యాప్‌టాప్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్టీరియో డీఐ. నాలుగు అవుట్‌పుట్‌ల హెడ్‌ఫోన్ ఆంప్, ఇయర్‌ఫోన్లు మూడు. ఎస్‌పీ రోడ్డు వైరు, కనెక్టర్లు. టంకం రామమూర్తి నగర్ తమ్ముడిది, శుక్రవారం రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని ఎనిమిది కేబుళ్లు వేసి ఇచ్చాడు. 40 వేలలో సగం కూడా ఖర్చు కాలేదు. మిగిలింది పెద్దలకు లెక్కతో సహా తిరిగి అప్పజెప్పాను.

ఎర్త్ బాగయ్యాక కూడా సన్నగా మిగిలిన హమ్, ల్యాప్‌టాప్ డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కగానే పోయింది. ప్రార్థన సమయంలో పాస్టర్ గారు కళ్లు మూసుకుని ఆగినప్పుడు కిటికీ బయట ఆటో హారన్ వినబడింది. ఇన్నేళ్లలో ఆ హాల్లో బయటి శబ్దం లోపలికి వినబడటం నాకిదే మొదటిసారి. పాడే చెల్లెళ్లు మానిటర్ తగ్గించమని వాళ్లే అడిగారు. వెనక కూర్చునే ఒక పెద్దమ్మ బయటికి వస్తూ 'ఇవాళ చరణాలన్నీ తెలిశాయి నాయనా' అంది.

హెచ్‌ఎక్స్ స్టాంప్ మాట మళ్లీ ఎత్తలేదు. 333 మాత్రం ప్యాచ్‌లో సేవ్ చేసుకున్నాను.

కోయిల (హెబ్బాళ)
తమ్ముడూ, మా హాల్లో కూడా మైకు దగ్గర ఒకసారి చురుక్కుమంది, చలికాలం కదా అనుకుని వదిలేశాం. మూడో పిన్ను అన్నా, ఆదివారం ఆరాధన అయ్యాక హెబ్బాళ వైపు రాగలరా? భోజనం మా ఇంట్లోనే.

మూడో పిన్ను (ఎలక్ట్రానిక్ సిటీ)
వస్తానమ్మా. మీటర్ తెస్తాను. అప్పటిదాకా మీ హాల్లో కూడా మైకు ముందు ఎవరూ నిలబడకండి. మిక్సర్ ఆపేసి, మైకు లేకుండా పాడండి.